రెడ్‌వుడ్ అడవుల్లో తొలినాటి కారు యాత్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ చెట్లు చూసొచ్చినవాళ్ళూ, చూడబోయేవాళ్ళూ తిప్పి తిప్పి అవే సందేహాలు అడుగుతుంటారు. చెట్టులోంచి కారు వెళ్తున్న ఆ నలుపు తెలుపు ఫొటో ఎక్కడిది? అంత అడవిలో రోడ్డు ఎవరు వేశారు? హోటళ్ళు లేని రోజుల్లో రాత్రుళ్ళు ఎక్కడ పడుకునేవారు? సుమారు 1910 నుంచి 1940 దాకా సాగిన ఆ కారు యాత్రల కాలం గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎక్కడ నుంచి చదవడం మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

## బయల్దేరే ముందు

రెడ్‌వుడ్, సెకోయా రెండూ ఒకటేనా? ఎప్పుడూ గందరగోళమే.

దగ్గరి చుట్టాలే గాని ఒకటి కాదు. కోస్ట్ రెడ్‌వుడ్ సముద్రానికి దగ్గరగా, వేసవిలో పొగమంచు తగిలే చోట పెరుగుతుంది. ఆరెగాన్ నైరుతి మూల నుంచి కాలిఫోర్నియాలో బిగ్ సర్ వరకు ఒక సన్నటి పట్టీ మాత్రమే దాని సొంతూరు. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తుగా పెరిగే చెట్టు ఇదే. జెయింట్ సెకోయా సియెర్రా నెవాడా కొండల మీద, మంచు కురిసే ఎత్తుల్లో ఉంటుంది. ఎత్తులో కాస్త వెనకబడ్డా, లావులో దానికి సాటి లేదు. పాత పోస్టుకార్డుల్లో ఈ రెండూ కలగాపులగం అయిపోతాయి. సియెర్రా కొండల్లోని యోసెమిటీ పార్కు ఫొటో పెట్టి కింద రెడ్‌వుడ్ హైవే అని రాసేవాళ్ళకి కొదవ లేదు.

రెడ్‌వుడ్ హైవే అంటే ఏ రోడ్డు? ఇప్పుడు మ్యాపులో ఏమని వెతకాలి?

శాన్ ఫ్రాన్సిస్కోకి అఖాతం అవతలి ఒడ్డున ఉన్న సాసలిటో నుంచి ఉత్తరంగా యురేకా, క్రెసెంట్ సిటీల మీదుగా ఆరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ దాకా వెళ్ళే రోడ్డుకి ఆ పేరు. 1926లో దేశమంతా హైవేలకి నంబర్లు ఇచ్చినప్పుడు క్రెసెంట్ సిటీ వరకు ఉన్న భాగం యూఎస్ 101లో, అక్కణ్ణుంచి లోపలికి గ్రాంట్స్ పాస్ వెళ్ళేది యూఎస్ 199లో కలిశాయి. నంబరు వచ్చినా పాత పేరు పోలేదు. ఇప్పటికీ బోర్డుల మీద కనిపిస్తుంది.

ఈ రోడ్డు పడకముందు యురేకాకి ఎలా వెళ్ళేవారు?

ఎక్కువగా ఓడలో. యురేకా ఉన్న హంబోల్ట్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అంటే ఒక పక్క సముద్రం, మిగతా మూడు పక్కలా కొండలు, నదులు. కలప బయటికి వెళ్ళేదీ, మనుషులు లోపలికి వచ్చేదీ ఓడరేవు మీదుగానే. నేల మీద గుర్రపు బళ్ళ దారులున్నాయి గాని వానాకాలం వస్తే బురద. 1914 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం నుంచి యురేకా వరకు రైలు మార్గం పూర్తయింది. ఈల్ నది లోయలో కొండచరియలతో కొట్లాడుతూ వేసిన లైన్ అది.

రైలు ఉండగా జనం కార్లెందుకు పట్టుకున్నారు?

రైలు తన టైముకి తాను వెళ్తుంది, తనకి నచ్చిన చోట ఆగుతుంది. చెట్టు చూసి ముచ్చటపడి దిగుదామంటే కుదరదు. పైగా రైలు పట్టాలు పెద్ద చెట్ల తోపుల మధ్యనుంచి కాకుండా చాలాచోట్ల నది పక్క బండలమీదుగా పోయేవి. అసలు కారణం మాత్రం డబ్బు. ఫోర్డ్ మోడల్ టి 1908లో మార్కెట్లోకి వచ్చినప్పుడు 850 డాలర్లు. 1920ల నడిమికి అదే బండి 300 డాలర్ల లోపే. స్కూలు మాస్టారు, కొట్టు గుమస్తా కూడా కారు కొని ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వేసవి సెలవులకి బయల్దేరగలిగారు.

అంత అడవిలో రోడ్డు ఎవరు వేశారు? ఖైదీలతో వేయించారట, నిజమేనా?

కొంత భాగం నిజం. 1910లో కాలిఫోర్నియా ఓటర్లు రాష్ట్ర రహదారుల కోసం 1.8 కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు. ఆ డబ్బు చాలక 1916లో, 1919లో మళ్ళీ బాండ్లు. 1915లో ఒక చట్టం తెచ్చి జైలు ఖైదీలని రోడ్డు పనికి పంపడం మొదలుపెట్టారు. మెండొసినో, హంబోల్ట్ కౌంటీల్లోని నిటారు లోయల్లో, కూలీలు రావడానికి ఇష్టపడని చోట్ల, ఈ ఖైదీల శిబిరాలే పని నడిపించాయి. వాళ్ళకి కూలి డబ్బు ఇచ్చే ఏర్పాటు 1923లో గాని రాలేదు. అందులోంచి కూడా తిండి, బట్ట, కాపలా ఖర్చులు మినహాయించుకునేవారు. ఈ రోడ్డుని పొగుడుతూ అచ్చయిన రంగురంగుల కరపత్రాల్లో ఈ సంగతి పెద్దగా కనపడదు.

## దారి మీద

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి యురేకాకి ఎంత టైము పట్టేది?

దూరం 430 కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పుడు ఐదు గంటల్లో వెళ్ళిపోతాం. అప్పుడు మొదటి పని కారుని ఫెర్రీ ఎక్కించడం, ఎందుకంటే గోల్డెన్ గేట్ వంతెన 1937 మే దాకా లేదు. సెలవు రోజుల్లో ఫెర్రీ దగ్గర కార్ల బారు మామూలు. సాసలిటోలో దిగాక కొంతదూరం రోడ్డు బాగానే ఉండేది. ఉత్తరానికి పోయేకొద్దీ కంకర, ఆ తర్వాత మట్టి, వాన పడితే బురద, కొండచరియ విరిగితే దారి తీసేదాకా ఎదురుచూపు. టైరు పంక్చరవడం విశేషమే కాదు, అది ప్రయాణంలో భాగం. కాబట్టి మధ్యలో రాత్రి మజిలీ లెక్కేసుకునే బయల్దేరేవారు.

మోడల్ టి ఆ ఘాట్లు ఎక్కేదా? రివర్స్‌లో ఎక్కించేవారంటే నమ్మబుద్ధి కావట్లేదు.

నమ్మొచ్చు. ఆ కారులో పెట్రోలు పంపు లేదు. చాలా ఏళ్ళపాటు ట్యాంకు ముందు సీటు కింద ఉండేది, పెట్రోలు తన బరువుకి తానే దిగి ముందున్న ఇంజనుకి చేరాలి. నిటారు ఎక్కుడులో ముక్కు పైకి లేస్తే ఇంజను ట్యాంకు కంటే ఎత్తుకి వెళ్తుంది. ట్యాంకులో పెట్రోలు తగ్గి ఉందంటే ఇంజను దాహంతో ఆగిపోతుంది. బండిని వెనక్కి తిప్పి రివర్స్‌లో ఎక్కిస్తే ట్యాంకు పైన, ఇంజను కింద, సమస్య తీరిపోయింది. దానికి తోడు రివర్స్ గేరుకి లాగే బలం కూడా ఎక్కువ.

ఆ కారు నడపడమే వేరే విద్య. కింద మూడు పెడళ్ళు. ఎడమది నొక్కిపడితే లో గేరు, వదిలేస్తే హై. మధ్యది రివర్స్, కుడిది బ్రేకు. యాక్సిలరేటరు కాలి కింద ఉండదు, స్టీరింగ్ పక్కన చిన్న లీవరు. దిగుడులో బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే లోపలి పట్టీ కాలిపోయేది. అందుకే ఎడమ పెడలు తొక్కిపట్టి లో గేరులో దిగేవారు. పక్కన లోయ, ఎదురుగా దుంగల లారీ వస్తుంటే ఎంత టెన్షనో ఊహించుకోండి.

నదులు ఎలా దాటేవారు? అన్నిటికీ వంతెనలున్నాయా?

పెద్ద చిక్కు క్లామత్ నది దగ్గర. 1926లో డగ్లస్ మెమోరియల్ వంతెన తెరిచేదాకా అక్కడ ఫెర్రీయే దిక్కు. నదికి వరదొస్తే ఆగిపోవాల్సిందే. ఆ వంతెన చివర్లలో కాంక్రీటు ఎలుగుబంట్లని కాపలా పెట్టారు. 1964 డిసెంబరు వరదలో వంతెన కొట్టుకుపోయింది. దక్షిణపు ఒడ్డున పాత వంతెన మొదలు, దాని ఎలుగుబంట్లు ఇప్పటికీ ఉన్నాయి. అటు వెళ్ళినప్పుడు హైవే మీద కొత్త వంతెన దాటేసి వచ్చేయకుండా, పక్కకి తిరిగి చూసి రండి. రోడ్డు లేని చోట ఠీవిగా కూర్చున్న ఎలుగుబంట్లు మళ్ళీ ఎక్కడా దొరకవు.

ఈ రోడ్డు ప్రచారానికి పరుగు పందెం పెట్టారంటారు. ఏమిటా కథ?

1927లో, మళ్ళీ 1928లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గ్రాంట్స్ పాస్ దాకా 480 మైళ్ళ పరుగు పందెం పెట్టారు. అంటే 770 కిలోమీటర్లు. పాల్గొనాల్సింది అమెరికా ఆదివాసులు మాత్రమే. పత్రికల కోసం వాళ్ళకి 'మ్యాడ్ బుల్', 'ఫ్లయింగ్ క్లౌడ్' లాంటి పేర్లు తగిలించారు. మొదటి ఏడు గెలిచింది హ్యాపీ క్యాంప్ ఊరికి చెందిన కరుక్ జాతి యువకుడు జాన్ సదర్డ్, సుమారు ఏడున్నర రోజుల్లో. బహుమతి 1,000 డాలర్లు.

గ్రాంట్స్ పాస్‌లో ఇంకో తమాషా ఉంది. 1922లో ఊరి వ్యాపారులే 'ఆరెగాన్ కేవ్‌మెన్' అని ఒక సంఘం పెట్టుకుని, తోళ్ళు కప్పుకుని, దుడ్డుకర్రలు పట్టుకుని టూరిస్టులకి ఎదురెళ్ళేవారు. ఆదిమానవుడి వేషం వేసిన తెల్ల వ్యాపారి ఒక పక్క, తన తాతల నేల మీద పరిగెత్తి హైవేకి ప్రచారం చేసిన కరుక్ కుర్రాడు ఇంకో పక్క. ఆ కాలం ఎలాంటిదో ఇంతకంటే సూటిగా చెప్పలేం.

## రాత్రి బస

హోటళ్ళు లేని చోట ఎక్కడ పడుకునేవారు?

కారు పక్కనే. పక్కకి కట్టిన గుడారం, మడత మంచాలు, దుప్పట్లు, డబ్బా తిండి, కిరసనాయిలు పొయ్యి అన్నీ కారు అడుగుపలకల మీద తాళ్ళతో బిగించుకుని వచ్చేవారు. మొదట్లో రోడ్డు పక్క ఎక్కడ నీళ్ళు దొరికితే అక్కడే మకాం. చెత్త, మంటలు, బహిర్భూమి వ్యవహారాలు ఎక్కువయ్యేసరికి ఊళ్ళవాళ్ళు ఆటో క్యాంపులు తెరిచారు. కాస్త డబ్బు కడితే నీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి, వంటకి కట్టెలు. తర్వాత వాటి పక్కన చిన్న చిన్న కేబిన్లు లేచాయి. మనం ఇవాళ మోటెల్ అంటున్నది ఆ కేబిన్ల వరసే పెరిగి పెద్దయిన రూపం. అమెరికా మోటెల్ వ్యాపారంలో ఇప్పుడు మన గుజరాతీ పటేళ్ళదే పెద్ద చెయ్యి అన్నది కొసమెరుపు.

డబ్బున్నవాళ్ళకి మంచి హోటళ్ళు ఉండేవా?

ఉండేవి, రెండు ఇప్పటికీ ఉన్నాయి. యురేకా ఇన్ 1922లో తెరిచారు. గార్బర్‌విల్ దగ్గర ఈల్ నది ఒడ్డున బెన్‌బో కుటుంబం కట్టిన బెన్‌బో ఇన్ 1926లో వచ్చింది. ఆర్కిటెక్టు ఆల్బర్ట్ ఫార్. ఇంగ్లండు పల్లెటూరి భవంతి పోలికతో కట్టారు. హైవే రాకపోతే ఆ లోయలో అలాంటి హోటలు కట్టాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు.

అందరూ వెళ్ళగలిగేవారా? మనలాంటివాళ్ళని రానిచ్చేవారా?

కరపత్రాల్లో అడవి అందరిదీ అని రాశారు. నిజంలో అది ప్రధానంగా తెల్ల మధ్యతరగతి కుటుంబాల విహారం. యురేకా 1885 ఫిబ్రవరిలో తన ఊళ్ళోని చైనీయులందరినీ ఓడలెక్కించి వెళ్ళగొట్టింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు హంబోల్ట్ కౌంటీ మాది చైనీయులు లేని కౌంటీ అని బడాయి చెప్పుకుంది. అప్పటి కాలిఫోర్నియాలో మన దేశస్థులు అంటే ఎక్కువగా పొలాల్లో, రంపపు మిల్లుల్లో పనిచేసే పంజాబీలు. 1913 చట్టంతో వాళ్ళకి సొంత భూమి హక్కే లేకుండా చేశారు. వేసవి విహారాల మాట దేవుడెరుగు. ఇవాళ వారాంతంలో ఈ పాత హైవేలో మిగిలిన ముక్క అవెన్యూ ఆఫ్ ద జయింట్స్ మీద తెలుగు మాటలు వినపడటం వెనక అంత దూరం ఉంది.

## చెట్ల దగ్గర

కారు దూరే ఆ చెట్టు ఫొటో ఎక్కడిది?

ఎక్కువగా తిరిగే ఫొటో యోసెమిటీలోని వావోనా టన్నెల్ ట్రీది. అది జెయింట్ సెకోయా, రెడ్‌వుడ్ హైవేతో సంబంధం లేదు. 1881లో గుర్రపు బళ్ళ కోసం తొలిచారు, తర్వాత కార్లు దూరాయి, 1969లో మంచు బరువుకి కూలింది. కాలవెరాస్‌లోని పయనీర్ క్యాబిన్ ట్రీ 2017 జనవరి తుఫానులో పడిపోయింది. కోస్ట్ రెడ్‌వుడ్‌లలో పేరున్నది లెగెట్‌లోని షాండెలియర్ ట్రీ. దాన్ని 1930లలో, సరిగ్గా కారు టూరిస్టుల కోసమే తొలిచారు. వావోనాని బళ్ళ రోజుల సరదా అని వదిలేయొచ్చు. లెగెట్‌ది మాత్రం పక్కా హైవే వ్యాపారం.

చెట్టు మొదట్లో అంత కన్నం పెడితే బతుకుతుందా?

కొంతకాలం బతుకుతుంది. చెట్టుకి ప్రాణం ఉన్నది బెరడు కిందున్న పలుచని పొరలో. నీళ్ళు పైకెక్కేది దాని పక్కనున్న బయటి చెక్కలోంచి. నడిమి చేవ చెక్క చచ్చిన చెక్కే, దాని పని బరువు మోయడం. అందుకే మధ్యలో తొలిచినా రెండు పక్కల నుంచి నీళ్ళు ఎక్కుతూ చెట్టు పచ్చగానే ఉంటుంది. చిక్కల్లా బలంతోనే. గాలి, మంచు, వరద వచ్చినప్పుడు కన్నం ఉన్న చోట తట్టుకోలేదు. రెడ్‌వుడ్‌లో మొదళ్ళు మంటలకి సహజంగానే గుహల్లా తొర్రలు పడతాయి. బిగ్ బేసిన్‌లో అలాంటి ఒక తొర్ర చెట్టుకి ఆటో ట్రీ అనే పేరు. కారుని వెనక్కి దూర్చి ఫొటో దిగేవారు. గొడ్డలి పెట్టాల్సిన పనే లేకపోయింది.

చెట్ల కింద కార్లు ఆపితే నష్టమేంటి? అంత పెద్ద చెట్టుకి కారు ఒక లెక్కా?

ఈ ప్రశ్న అప్పుడు కూడా అడిగారు. జవాబు చెప్పింది ఎమిలియో మైనెకే అనే చెట్ల రోగాల నిపుణుడు. 1920ల చివర్లో కాలిఫోర్నియా రెడ్‌వుడ్ పార్కులని తిరిగి చూసి, టూరిస్టుల తాకిడి చెట్లనేం చేస్తోందో నివేదికలు రాశాడు.

రెడ్‌వుడ్‌కి తల్లివేరు లేదు. వంద మీటర్ల చెట్టు వేళ్ళు కూడా లోతుకి వెళ్ళేది రెండు నుంచి నాలుగు మీటర్లే, పక్కలకి మాత్రం 30 మీటర్ల దాకా పాకుతాయి. నీళ్ళు పీల్చే సన్నటి వేళ్ళు పైపైనే, ఆకు రాలిన మెత్తటి పొర కింద ఉంటాయి. దానిమీద కార్లు తిరిగి, జనం తొక్కి, గుడారాల కోసం చదును చేస్తే నేల గట్టిపడిపోతుంది. నీళ్ళు దిగవు, గాలాడదు, కొత్త వేళ్ళు దూరవు. పైకి చెట్టు ఏళ్ళ తరబడి బాగానే కనిపిస్తుంది, అదే అసలు ప్రమాదం అన్నాడాయన.

ఊరికే హెచ్చరించి ఊరుకోలేదు. క్యాంపుల్లో రోడ్డు ఒకే వైపు తిరిగే వలయంలా ఉండాలి, ప్రతి గుడారానికీ కారు ఆపే చోటు ముందే వేరుచేసి ఉంచాలి, ఆ చోటు దాటి కారు వెళ్ళకుండా బండరాళ్ళు, దుంగలు అడ్డం పెట్టాలి, పొయ్యీ బల్లా కదలకుండా పాతాలి అని లెక్కగా రాసిచ్చాడు. ఇవాళ అమెరికాలో ఏ పార్కు క్యాంపుకి వెళ్ళినా కనిపించే ఏర్పాటు అదే. కారు ఆపే చోట కాళ్ళకి తగిలే ఆ దుంగని తిట్టుకునేవాళ్ళు చాలామంది, అది ఎందుకుందో తెలిసినవాళ్ళు తక్కువ.

రోడ్డు పక్క దుకాణాల్లో అమ్మే బర్ల్ ఏమిటి?

రెడ్‌వుడ్ మొదట్లో, మాను మీద పెరిగే పెద్ద బుడిపె. లోపల నిద్రపోతున్న మొగ్గలు కిక్కిరిసి ఉంటాయి, అందుకే చెక్క మీద మెలికలు తిరిగిన అందమైన చారలొస్తాయి. తొలినాటి నుంచీ హైవే పక్క కొట్లలో దాంతో గిన్నెలు, బల్లలు చేసి అమ్మేవారు. చిన్న ముక్కని నీళ్ళ పళ్ళెంలో పెడితే పచ్చని చిగుళ్ళు వేస్తుంది. ఇంటికి తీసుకెళ్ళే జ్ఞాపికగా అది బాగా అమ్ముడుపోయేది. ఈ మోజుకి ఇంకో ముఖం దొంగతనం. పార్కుల్లో రాత్రిపూట రంపాలతో బర్ల్‌లు కోసుకుపోతుంటే 2014లో ప్రెయిరీ క్రీక్ రెడ్‌వుడ్ పార్కులోని డ్రూరీ పార్క్‌వే రోడ్డుని రాత్రుళ్ళు మూసేయాల్సి వచ్చింది.

## అడవిని దక్కించుకున్న కథ

రోడ్డు వల్ల అడవి పోయిందా, మిగిలిందా?

రెండూ జరిగాయి, అదీ ఒకేసారి. అంతకుముందు చేరలేని తోపులకి రోడ్డు పడగానే లారీలు కూడా చేరాయి. హైవే పక్కనే చెట్లు పడగొట్టి రైలు స్లీపర్లు, ఇంటికప్పు పెంకు చెక్కలు, ద్రాక్షతోటల గుంజలు చీల్చేవారు. రెండు వేల ఏళ్ళ చెట్టు ద్రాక్ష తీగకి గుంజ అయిపోయేది. అదే రోడ్డు మీద 1917లో జాన్ మెరియమ్, మాడిసన్ గ్రాంట్, హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బర్న్ కారులో ఉత్తరానికి వచ్చి ఈ నరుకుడు కళ్ళారా చూశారు. మరుసటేడు వాళ్ళ చొరవతో సేవ్ ద రెడ్‌వుడ్స్ లీగ్ అనే అడవుల రక్షణ సంఘం పుట్టింది.

నరుకుడు మొదలవకముందు సుమారు 20 లక్షల ఎకరాలున్న పాత అడవిలో ఇప్పుడు మిగిలింది 5 శాతం. నన్నడిగితే, ఆ 5 శాతంలో ఏది మిగలాలన్నది చాలావరకు కారు కిటికీ తేల్చింది. రోడ్డు మీంచి కనిపించిన తోపుకి చందాలొచ్చాయి. కొండ వెనకున్న తోపుకి రంపం వచ్చింది.

లీగ్ వాళ్ళకి డబ్బులెలా వచ్చాయి? ప్రభుత్వం ఇవ్వలేదా?

మొదట్లో చందాలే. 1919 ఆగస్టులో నేషనల్ పార్క్ సర్వీస్ మొదటి డైరెక్టర్ స్టీఫెన్ మాదర్, అంతకుముందు మ్యూర్ వుడ్స్ అడవిని దేశానికి దానమిచ్చిన విలియమ్ కెంట్ కలిసి వచ్చి, చెరో 15,000 డాలర్లు ఇస్తామని యురేకాలో ప్రకటించారు. తర్వాత పట్టుకున్న ఉపాయం స్మారక తోపులు. తోపు కొనడానికి డబ్బిస్తే మీవాళ్ళ పేరు పెడతాం అన్నారు. మొదటిది మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కర్నల్ రేనల్ బోలింగ్ పేరు మీద 1921లో. హైవే పక్కన పేరుతో బోర్డు ఉంటుంది, వచ్చేపోయే కార్లవాళ్ళు చదువుతారు. గుళ్ళో ఫ్యాను మీద దాత పేరు రాయించినట్టే. 1928లో ఓటర్లు 60 లక్షల డాలర్ల పార్కు బాండ్లకి ఒప్పుకున్నారు. బాండ్ల డబ్బు రావాలంటే అంతే మొత్తం చందాలుగా చూపించాలి.

స్థానికులంతా కలప కంపెనీల పక్షమేనా?

కాదు. 1919లోనే హంబోల్ట్ కౌంటీ మహిళలు తమ సొంత రెడ్‌వుడ్ సంఘం పెట్టుకున్నారు. దానికి ముందు నిలబడినావిడ లారా పెరట్ మహాన్. తోపుల అమ్మకం గురించి బేరాలు నడుస్తుండగానే 1924లో డయర్‌విల్ దగ్గర పసిఫిక్ లంబర్ కంపెనీ చడీచప్పుడు లేకుండా చెట్లు కొట్టడం మొదలుపెట్టింది. లారా, ఆవిడ భర్త జేమ్స్ అక్కడికి వెళ్ళి చూశారు. లాయరైన జేమ్స్ కోర్టుకెళ్ళి పని ఆపించాడు, పత్రికలు గోల చేశాయి. మగవాళ్ళ పేర్లు చెక్కిన రాళ్ళు అడవినిండా ఉన్నాయి గాని, ఆ వారం లారా అక్కడ లేకపోతే డయర్‌విల్ తోపు కథ వేరేగా ఉండేది.

రాక్‌ఫెలర్ ఫారెస్ట్ అని పేరెందుకు?

జాన్ డి. రాక్‌ఫెలర్ జూనియర్ 1926లో కుటుంబంతో కారులో వచ్చి, లీగ్ కార్యదర్శి న్యూటన్ డ్రూరీ వెంట బుల్ క్రీక్ తోపు చూశాడు. ఆ తర్వాత మొత్తం మీద 20 లక్షల డాలర్లు ఇచ్చాడు. 1931లో బుల్ క్రీక్, డయర్‌విల్ అడవి పార్కు చేతికొచ్చింది. ఒకేచోట మిగిలిన పాత కోస్ట్ రెడ్‌వుడ్ అడవుల్లో ఇదే పెద్దది, దాదాపు 10,000 ఎకరాలు.

కొన్నది లోయ అడుగు మాత్రమే. పైనున్న వాలులు కలప వ్యాపారుల దగ్గరే ఉండిపోయాయి, 1940ల చివర్నుంచి అక్కడ జోరుగా నరికారు. 1955 డిసెంబరులో కుంభవృష్టికి బోడి కొండల మట్టి, రాళ్ళు, దుంగలు బుల్ క్రీక్‌లోకి దిగాయి. వాగు గట్లు కోసుకుపోయి పార్కు లోపలి మహావృక్షాలు 500కు పైగా కూలాయి. తర్వాత గాని పై వాలులతో సహా లోయ మొత్తం కొనాలని తెలిసిరాలేదు.

లీగ్ పెట్టినవాళ్ళలో జాత్యహంకారి ఉన్నాడని విన్నాను. నిజమా?

నిజం. మాడిసన్ గ్రాంట్ యూజెనిక్స్ వాది, అంటే మనుషుల్లో 'మేలుజాతి'ని ఏరి పెంచాలనేవాడు. ఉత్తర ఐరోపా తెల్లజాతే గొప్పదని పుస్తకం రాసి, అమెరికాలోకి వలసలు ఆపాలని ప్రచారం చేసి, 1924 వలస చట్టం వెనక పనిచేసినవాళ్ళలో ఒకడు. ఆ చట్టం ఆసియావాళ్ళకి తలుపులు మూసేసింది. లీగ్ తన గతంలోని ఈ భాగాన్ని ఈమధ్య బాహాటంగా ఒప్పుకుంది. ప్రెయిరీ క్రీక్ పార్కులో గ్రాంట్ పేరుతో ఉన్న ఫలకాన్ని 2021లో తీసేశారు. అడవి కాపాడాడు కదా అని ఈ విషయం దాటేయడం నాకైతే సరిగ్గా అనిపించదు.

అది ఎవరూ లేని అడవేనా?

కరపత్రాలు అలాగే చెప్పాయి. యురోక్, టొలోవా, వియోట్, సింకియోన్, కరుక్, హూపా జాతులవాళ్ళు తరతరాలుగా అక్కడివాళ్ళు. యురోక్‌లు కూలిన రెడ్‌వుడ్ చీల్చి పలకల ఇళ్ళు కడతారు, మాను తొలిచి పడవలు చేస్తారు. 1850లలో బంగారం కోసం, నేల కోసం వచ్చినవాళ్ళు వాళ్ళ మీద ఊచకోతలు జరిపారు. అరవై, డెబ్బై ఏళ్ళ తర్వాత కారు దిగిన టూరిస్టుకి అదంతా మనిషి అడుగుపెట్టని ఆదిమ అడవిగా కనిపించింది.

## ఇప్పుడు వెళ్తే

ఆ పాత రోడ్డు మీద ఇప్పుడు నడపొచ్చా?

నడపొచ్చు. 1960 ప్రాంతంలో ఫ్రీవే పక్కకి వేయడంతో హంబోల్ట్ తోపుల మధ్యనున్న పాత 101 ముక్క మిగిలిపోయింది. అదే అవెన్యూ ఆఫ్ ద జయింట్స్, స్టేట్ రూట్ 254, దాదాపు 50 కిలోమీటర్లు. తారు రోడ్డు, చెట్లు అంచుకి ఆనుకుని ఉంటాయి. ఇంకా పాత రుచి కావాలంటే క్రెసెంట్ సిటీ దగ్గర హౌలాండ్ హిల్ రోడ్. ఇది గుర్రపు బళ్ళ కాలపు దారి, చాలాభాగం మట్టిరోడ్డే, రెండు కార్లు ఎదురైతే ఒకటి ఆగాలి. ఆర్‌వీలు (ఇల్లు లాంటి పెద్ద బళ్ళు), ట్రైలర్లు వద్దంటారు. నన్నడిగితే దీనికే ఎక్కువ టైము పెట్టుకోండి.

షాండెలియర్ ట్రీలోంచి మా ఎస్‌యూవీ దూరుతుందా?

కన్నం వెడల్పు 6 అడుగులు, ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. సెడాన్‌కి ఫరవాలేదు. పెద్ద ఎస్‌యూవీ, మినీవ్యాన్ అయితే అద్దాలు మడిచినా అనుమానమే. పైన సామాను పెట్టె ఉంటే అసలు ప్రయత్నించకండి. అద్దె కారు అయితే గీత పడ్డాక కంపెనీవాడికి చెట్టు కథ చెప్పినా వినడు. ప్రైవేటు స్థలం కాబట్టి టికెట్టుంటుంది. నడిచి లోపలికి వెళ్ళి ఫొటో దిగినా అదే ఫొటో.

అన్నిటికంటే ఎత్తైన చెట్టు దగ్గరికి తీసుకెళ్తారా?

తీసుకెళ్ళరు, వెళ్ళకూడదు కూడా. 2006లో గుర్తించిన హైపీరియన్ ఎత్తు 115.9 మీటర్లు. దాని దగ్గరికి దారి లేదు. ఇంటర్నెట్లో చోటు చూసుకుని జనం పొదలు తొక్కుకుంటూ వెళ్ళి మొదట్లో నేలంతా బోడి చేశారు. 2022 నుంచి ఆ ప్రాంతం మూసేశారు, దొరికితే 5,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. కింద నిలబడి చూస్తే కొస కనిపించదు కూడా.

పెద్దవాళ్ళు, పిల్లలతో వెళ్తున్నాం. ఒక్కచోటే ఆగే టైముంది. ఎక్కడ ఆగమంటారు?

అవెన్యూ ఆఫ్ ద జయింట్స్ మీద డయర్‌విల్ దగ్గరున్న ఫౌండర్స్ గ్రోవ్. కిలోమీటరు లోపు చదునైన బాట, కర్రపట్టుకుని నడిచేవాళ్ళు కూడా తిరిగి రాగలరు. 1991 మార్చిలో కూలిన డయర్‌విల్ జయింట్ అక్కడే పడుంది, 110 మీటర్ల పైన ఉండేది. దాని పక్కన కొస దాకా నడిస్తేనే పిల్లలకి ఆ ఎత్తు అర్థమవుతుంది. పైకి చూస్తే మెడ నొప్పి తప్ప లెక్క తెలీదు. పెకలించుకొచ్చిన వేళ్ళ చక్రం కూడా చూడండి, అంత చెట్టుకి ఎంత పలుచని వేళ్ళో. ఫోన్ సిగ్నల్ నమ్ముకోవద్దు, మ్యాపు ముందే దించుకోండి. పెట్రోలు గార్బర్‌విల్‌లోనో ఫార్చునాలోనో పోయించుకోండి. వేసవిలో కూడా పొద్దున్న చలే, పెద్దవాళ్ళకి స్వెటరు మర్చిపోకండి.